నిమ్మకాయ పిండిన పాలతో ఫిషర్ మానదు

తిరుపతి కాలనీల వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం ఆగకుండా తిరుగుతోంది. మలద్వారంలో వచ్చే ఫిషర్ కూడా మొలల్లో ఒక రకమేనట. మూడు రోజులు పరగడుపున చల్లటి పాలలో నిమ్మకాయ పిండుకుని తాగితే మానిపోతుందట. అప్పటిదాకా తిండి తగ్గించాలట. అయినా తగ్గకపోతే ఆపరేషనే గతి అట. ఈ నాలుగింట్లో ఒక్కటీ నిలిచే మాట కాదు.

మొదటిది. మొలలంటే మలద్వారంలో ఉబ్బిన రక్తనాళాలు. చాలామందికి నొప్పి లేకుండానే రక్తం పడుతుంది. ఫిషర్ అంటే అక్కడి పొర చిట్లడం. విరేచనమప్పుడు గాజుపెంకుతో కోసినట్టుంటుంది, తర్వాత గంటల తరబడి మంట. రెండూ ఒకటే అనుకుని మందుల షాపులో మొలల ఆయింట్‌మెంట్ కొని నెలలు గడిపేవారున్నారు.

ఇక నిమ్మకాయ పాలు. తాగినది చిట్లిన చోటును మాన్పదు. మరి కొందరికి ఎందుకు తగ్గింది? కొత్తగా వచ్చిన ఫిషర్లలో దాదాపు సగం, మలం మెత్తబడితే చాలు, కొన్ని వారాల్లో వాటంతటవే మానుతాయి. ఆ పేరు పాలకు దక్కింది! అసలు చిక్కు మలద్వారం లోపలి కండరంలో ఉంది. నొప్పికి అది బిగుసుకుంటుంది, రక్తప్రసరణ తగ్గుతుంది, పుండు మానదు. నొప్పికి భయపడి మనిషి విరేచనాన్ని ఆపుకుంటాడు. మలం ఇంకా ఎండి, మర్నాడు మళ్లీ అక్కడే చీలుస్తుంది.

అందుకే తిండి తగ్గించమనడం అన్నింటికన్నా చెడ్డ సలహా. కావలసింది రోజుకు 25–30 గ్రాముల పీచు. తిరుపతి చుట్టుపక్కల దానికి వెతుక్కోవలసిన పని లేదు: రాగిసంగటి, ఆకుకూర పప్పు, అలసందలు, జామకాయ. పీచు ఒక్కసారిగా కాక కొద్దికొద్దిగా పెంచాలి. పీచు పొడి ఇసబ్గోల్ వేసుకుంటే నీళ్లు బాగా తాగాలి, లేకపోతే అదే మలబద్ధకం తెస్తుంది. కారం పుండును పుట్టించదు, మంటను పెంచుతుంది. మానేదాకా తగ్గిస్తే చాలు.

ఆపరేషన్ మాటకొస్తే, అది చివరి మెట్టు. ముందు వెడల్పు టబ్బులో గోరువెచ్చని నీళ్లు పోసి, రోజుకు రెండు మూడు సార్లు, ముఖ్యంగా విరేచనం తర్వాత, పది పదిహేను నిమిషాలు కూర్చోవాలి. బిగిసిన కండరం వదులవుతుంది. నీళ్లలో ఏమీ కలపనక్కర్లేదు. దానికి తగ్గకపోతే డాక్టర్లు డిల్టియాజెం లేదా నైట్రోగ్లిజరిన్ ఆయింట్‌మెంట్ రాస్తారు. రెండోదానితో తలనొప్పి రావచ్చు. ఆరు నుంచి ఎనిమిది వారాలు వాడాలి. నొప్పి పోయిందని పదో రోజున ఆపేస్తే తిరగబెట్టవచ్చు. అప్పటికీ మానకపోతే కండరాన్ని వదులుచేసే బోటాక్స్ ఇంజెక్షన్, లేదా లోపలి కండరాన్ని కొద్దిగా కోసే చిన్న ఆపరేషన్. ఆపరేషన్ నూటికి తొంభై మందికి పైగా ఫలిస్తుంది. కొద్దిమందికి మాత్రం గ్యాస్ ఆపుకోవడం కష్టమవుతుంది. ఆ మాట డాక్టరును ముందే అడగాలి.

మానాక కూడా పీచు, నీళ్లు మానకూడదు. పీలేరు నుంచో పుత్తూరు నుంచో పొద్దున్నే తిరుపతికి బస్సెక్కేవారు, బస్సు తప్పుతుందని విరేచనాన్ని వాయిదా వేస్తారు. పావుగంట ముందు లేవడం మందుతో సమానం. ఫోను పట్టుకుని మరుగుదొడ్డిలో అరగంట కూర్చోవడమూ వద్దు.

పుండు మలద్వారానికి ముందో వెనకో నడిమధ్యన కాక పక్కన ఉన్నా, బరువు తగ్గుతున్నా, నలభై అయిదేళ్లు దాటాక రక్తం పడినా ఇంటి వైద్యంతో రోజులు గడపకండి. తిరుపతి రుయా ప్రభుత్వ ఆసుపత్రిలోనో మరెక్కడైనానో సర్జన్‌తో పరీక్ష చేయించుకోండి. క్షయ, క్యాన్సర్, పేగుపూత జబ్బులు కూడా ఒక్కోసారి ఇలాగే మొదలవుతాయి.