జైల్లో ఉన్నవాళ్లకి గిటార్లెందుకు అని అడిగేవాళ్లకి

నిన్న జైళ్లలో ఉన్నవాళ్లకి గిటార్లు ఇప్పించిన అమెరికన్ గిటారిస్ట్ వేన్ క్రేమర్ గురించి చెబుతుంటే మా ఫ్రెండ్ ఒక మాట అన్నాడు: "బుద్ధిగా చదువుకునే పిల్లలకే కొనిచ్చే దిక్కు లేదు, నేరాలు చేసినోళ్లకి గిటార్లా?" అప్పుడు కోపంలో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతా.

వేన్‌ది డెట్రాయిట్. ఎంసీ5 అనే రాక్ బ్యాండ్‌లో గిటారిస్ట్. బ్యాండ్ విడిపోయాక డ్రగ్స్‌లో కూరుకుపోయి, 1975లో కొకైన్ అమ్మబోయి మారువేషంలో వచ్చిన ప్రభుత్వ ఏజెంట్లకే దొరికిపోయాడు. నాలుగేళ్ల శిక్ష, రెండేళ్లకు పైగా లోపలే ఉన్నాడు. కెంటకీలోని లెక్సింగ్టన్ జైల్లో ఇతనికి తగిలిన మనిషి ఎవరనుకున్నారు? రెడ్ రాడ్నీ! ఒకప్పుడు జాజ్ దిగ్గజం చార్లీ పార్కర్ పక్కన ట్రంపెట్ వాయించిన జాజ్ విద్వాంసుడు, ఆయనా డ్రగ్స్ కేసులోనే లోపలికొచ్చాడు. ఆ జైల్లోనే వేన్‌కి సంగీత పాఠాలు చెప్పాడు. ఈ ఖైదీకి పాఠం వినే అర్హత ఉందా అని రాడ్నీ లెక్కలేసుకుని ఉంటే ఏమయ్యేది?

తనకి అదృష్టం కొద్దీ దొరికింది మిగతావాళ్లకి ఒక ఏర్పాటుగా దొరకాలని వేన్ తపన, నాకు అర్థమైనంతవరకు అంతే. లండన్ బ్యాండ్ ది క్లాష్ అప్పట్లోనే 'జైల్ గిటార్ డోర్స్' అనే పాటలో ఇతని కథ చెప్పింది. ఆ బ్యాండ్ గాయకుడు జో స్ట్రమ్మర్ గుర్తుగా ఇంగ్లిష్ గాయకుడు బిల్లీ బ్రాగ్ 2007లో అదే పేరుతో బ్రిటన్ జైళ్లకి గిటార్లు ఇవ్వడం మొదలుపెట్టాడు. 2009లో వేన్, ఆయన భార్య మార్గరెట్, బ్రాగ్ కలిసి అమెరికాలోనూ ప్రారంభించారు.

గిటార్ చేతికిచ్చి ఫొటో దిగి వెళ్లిపోయే వ్యవహారం కాదిది. వర్క్‌షాప్‌లు పెట్టి ఖైదీలతో సొంత పాటలు రాయిస్తారు. నేరం చేసినవాడు తను చేసిందేంటో, తనలో ఏముందో తన మాటల్లో పెట్టి పదిమంది ముందు పాడటం సుఖం అంటారా? పదేళ్లు మౌనంగా గోడ చూస్తూ కూర్చోవడం కన్నా అదే కష్టం అంటాను నేను. ఆ మనిషి రేపు బయటికొచ్చి మన పక్కింట్లోనే ఉంటాడు కదా, ఏ మనిషిగా రావాలని మనకుంది?

బుద్ధిగా ఉన్న పిల్లల మాటకొస్తే, లాస్ ఏంజిలిస్‌లో వీళ్లదే కాపో అనే కమ్యూనిటీ ఆర్ట్స్ సెంటర్ ఉంది. అక్కడ కుర్రాళ్లు డబ్బు కట్టకుండా పాట నేర్చుకుని రికార్డ్ కూడా చేసుకోవచ్చు. నాకు అన్నిటికన్నా ఎక్కువ నచ్చింది ఈ రికార్డింగే. వాయిద్యం ఎవరో ఒకరు ఇస్తారు, స్టూడియో తలుపు ఎవడు తీస్తాడు?

వేన్ 2024 ఫిబ్రవరిలో, 75 ఏళ్లకి పోయాడు. ఆ వార్త చదివినప్పుడు నాకు విజయవాడలో నేను మొదటిసారి స్టూడియోకి వెళ్లిన రోజు గుర్తొచ్చింది. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుతో ఒక్క గంట బుక్ చేసుకున్నాను. మైకు ముందు నిలబడితే కళ్లు గోడ గడియారం మీదే, ఆ టెన్షన్‌కి గొంతు బిగుసుకుపోయింది. పల్లవి నాలుగుసార్లు పాడేసరికే టైమ్ అయిపోయింది, ఇంకో పది నిమిషాలు అడిగితే ముందు డబ్బు కట్టమన్నారు. ఆ ఫైల్ ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో పల్లవీ మొదటి చరణమే ఉన్నాయి.