పాత ఓనరుగారి పుణ్యం

మా ఫ్రిజ్ తలుపు మీద తిరుపతి నుంచి తెచ్చుకున్న వెంకటేశ్వరస్వామి మాగ్నెట్ ఒకటి ఉంటుంది. పిల్లల స్కూలు నోటీసులు పట్టుకుని నిలబడటం ఆయన డ్యూటీ. ఒక ఆదివారం పొద్దున్నే స్వామిని జేబులో వేసుకుని ఇంటి ముందున్న కారు దగ్గరికి వెళ్ళాను. తలుపుకి ఆనించాను. టక్కున అతుక్కున్నాడు. డిక్కీ మూతకీ అతుక్కున్నాడు. తలుపు కింద, ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పోయే పట్టీ ఉంటుంది, సిల్ అంటారు. దాని మీద పెట్టాను. స్వామి మెల్లగా జారి కింద పడ్డాడు. జానెడు ఇవతల పెట్టాను. మళ్ళీ జారాడు. ఏడుకొండలవాడే నిలవలేకపోయాడంటే అక్కడ ఇనుమనేది లేదన్నమాట.

"దేవుణ్ణి తీసుకెళ్ళి కారు కింద పెడతారా?" అంది మా ఆవిడ కిటికీలోంచి. తర్వాత స్వామికి పసుపు నీళ్ళతో స్నానం జరిగింది. నాకు మామూలు నీళ్ళతోనే, కాకపోతే మాటలు కలిపి.

కారు 1972 నాటి ఎంజీబీ. రెండే సీట్లు, మడిచేసే గుడ్డ టాపు, సైకిల్ చక్రాల్లా ఊచలున్న చక్రాలు. మేముండేది ఇంగ్లండులోని రెడింగ్‌లో. ఇక్కడికి పాతిక మైళ్ళ దూరంలో ఉన్న అబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా ఈ కార్లు ఐదు లక్షలకి పైగా తయారయ్యాయి. ఆ ఏడే ఫ్యాక్టరీ మూసేశారు. నాది పధ్నాలుగేళ్ళు ఒక రైతు కొట్టంలో కోళ్ళతో కాపురం చేసి వచ్చింది. అమ్మినాయన "చిన్న చిన్న పనులున్నాయి, అంతే" అన్నాడు. పెళ్ళిచూపుల్లో "అబ్బాయికి ఏ అలవాట్లూ లేవండీ" అంటారు చూడండి, అదే గొంతు. నలభై ఏళ్ళు దాటిన కారుకి ఇక్కడ రోడ్డు టాక్సు కట్టక్కర్లేదు, పెద్ద మార్పులు చేయకపోతే ఏటేటా పరీక్షకీ తీసుకెళ్ళక్కర్లేదు. ఆ రెండు ముక్కలూ చెప్పే మా ఆవిణ్ణి ఒప్పించాను. "ఊళ్ళో మగాళ్ళంతా పెళ్ళాలకి బంగారం కొంటారు, మీరు తుప్పు కొన్నారు" అంది. తుప్పు కూడా తక్కువ రేటుకేం రాలేదు.

ఇక తవ్వకాలు. స్క్రూడ్రైవర్ పెట్టి సిల్‌ని పొడిస్తే పెచ్చు లేచింది. పైన రంగు, దాని కింద అంగుళం మందాన లప్పం. లప్పం కింద కోళ్ళగూటికి కొట్టే ఇనుప జాలీ. జాలీ వెనక ఉండ చుట్టి కూరిన న్యూస్‌పేపర్. విప్పి చూస్తే ఫుట్‌బాల్ పేజీ, ఎవరో ఎవరి మీదో 2-1తో గెలిచారు. పేపర్ వెనక సిసలైన పాత సిల్, అప్పడంలా. ముట్టుకోగానే నా చేతిలో పొడైపోయింది.

ఈ కారుకి కింద విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే దానికి ఎముకల గూడు. పైన ఇనుప టాపు కూడా లేదు కనుక నడుం నిలబెట్టేవి ఆ రెండు సిల్సే. ఆ నడుం ఫుట్‌బాల్ పేజీ మీద ఆధారపడి ఉంది. కారు మధ్యలో కుంగిపోయి, తలుపు సందులో కింద వేలు దూరేది, పైన కాగితం దూరేది కాదు. తలుపు మూసుకోవడానికి పాత ఓనరుగారు ఒక తేలిక మార్గం కనిపెట్టారు. తలుపు అంచుని ఆకురాయితో అరగదీసేశారు.

వెల్డింగ్ నాకు రాదు. పక్క ఊళ్ళో ఒక ముసలాయన ఉన్నాడు, ఇలాంటి కార్లకే జీవితం ధారపోసిన మనిషి. కారులోపల అడ్డంగా ఇనుప గొట్టాలు బిగించి, నడుం నిటారుగా నిలబెట్టి, ఆ తర్వాత గానీ పాత సిల్ కోయలేదు. కోసేటప్పుడు ప్రతి పది నిమిషాలకీ లేచి, కళ్ళద్దాలు పైకి నెట్టి, "ఎవడు చేశాడీ పని?" అని అడిగేవాడు. "పాత ఓనరు" అనేవాణ్ణి నేను. మళ్ళీ వంగేవాడు. రెండు రోజులు మా ఇద్దరి మధ్యా ఇదే మంత్రం, ఇదే గోవింద.

వైరింగు మాత్రం నేనే పట్టాను. కంపెనీవాళ్ళు ఎంత పద్ధతిగా ఇచ్చారో. గోధుమ రంగు వైరులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది, తెల్లదానిలో తాళం తిప్పితే వస్తుంది, ఆకుపచ్చది ఫ్యూజు దాటి వస్తుంది, నల్లది ఎర్తు. ఆ కాలపు బ్రిటిష్ కార్ల లైట్లని వెక్కిరించడం ఇక్కడ అందరికీ ఒక సరదా. నా కారులో మాత్రం వాళ్ళ తప్పేమీ కనబడలేదు. పాత ఓనరుగారు ఇంట్లో మిగిలిన వైరంతా తెచ్చి ఇందులో సద్వినియోగం చేశారు. ఇంటి వైరింగులో ఎర్తుకి వాడే పచ్చా పసుపూ చారల వైరు ఇక్కడ హెడ్‌లైటుకి కరెంటు మోస్తోంది. బ్రేకు తొక్కితే ఇండికేటర్ మినుకుమంటుంది. ఒక ఫ్యూజు ఎప్పుడో కాలిపోతే దానికి సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టారు. అసలు ఫ్యూజు ఉండేదే తాను కాలి కారుని కాపాడటానికి. వెండి కాగితం కాలదు, వైర్లే కాలతాయి. 5/16 అంగుళాల రంధ్రాల్లో 8 మిల్లీమీటర్ల బోల్టులు కొట్టి మరీ దించారు. ఆ రెండింటికీ తేడా వెంట్రుకవాసి, తీసేటప్పుడు తెలుస్తుంది బాధ.

ఇవన్నీ వీడియో కాల్‌లో నాన్నకి చూపిస్తుండేవాణ్ణి. నాన్న తెనాలిలో ముప్ఫై ఏళ్ళు అంబాసిడర్ టాక్సీ నడిపాడు. మొదటి రోజే బానెట్ ఎత్తి ఇంజిన్ చూపిస్తే, "ఒరేయ్, ఇది మన అంబాసిడర్ ఇంజినే కదరా!" అని కుర్చీలోంచి లేచాడు. ఆయన అన్నది నిజమే. మన పెట్రోల్ అంబాసిడర్‌లో ఉన్న 1489 సీసీ ఇంజినూ, ఇందులో ఉన్న 1798 సీసీ ఇంజినూ ఒకే ఇంటివి. పెదనాన్న కొడుకూ బాబాయి కొడుకూ అనుకోండి. ఒకడు ఊళ్ళో టాక్సీ తోలితే, రెండోవాడు ఇంగ్లండులో షోకు చేశాడు.

చిక్కేమిటంటే, నేను చూపించిన దరిద్రాలన్నీ నాన్నకి తెలివితేటల్లా కనిపించేవి. వెండి కాగితం చూసి "అర్ధరాత్రి రోడ్డు మీద షాపులుంటాయా? బాగానే ఆలోచించాడు" అన్నాడు. పేపరు చూసి, "మరి లప్పం జారిపోకుండా వెనక ఏదో ఒకటి ఉండొద్దూ" అన్నాడు. పెట్రోల్ ట్యాంకు కారితే బట్టల సబ్బు రుద్ది విజయవాడ వెళ్ళొచ్చిన మనిషి ఆయన. మా పాత ఓనరు ఎవరో గానీ, నాకంటే మా నాన్నకి సొంత కొడుకులా ఉన్నాడనిపించేది.

చివరికి రేడియేటర్ వంతు వచ్చింది. కింది మూల నిమ్మకాయంత బూడిదరంగు ముద్ద గట్టిగా అతుక్కుని ఉంది. ఎప్పుడో ఎవరో పెట్టిన జిగురు. రాయిలా ఉంది, చుక్క నీరు కారడం లేదు.

"కారడం లేదుగా. దాన్ని గెలక్కు" అన్నాడు నాన్న.

"చూడ్డానికి అసహ్యంగా ఉంది నాన్నా."

"రేడియేటర్ని చూసేదెవర్రా?"

నేను వినలేదు. నాలుగు నెలలుగా పాత ఓనరు పాపాలు కడుగుతున్నవాణ్ణి, ఈ ఒక్కదాన్ని వదిలేస్తే నిద్ర పడుతుందా? రెండు గంటలు కూర్చుని ముద్దంతా చెక్కేశాను. వైరు బ్రష్‌తో తోమి నల్లరంగు కొట్టాను. నీళ్ళు నింపి గంటసేపు చూశాను. ఒక్క చుక్క లేదు. నాన్నకి ఫోటో పంపాను. తిరిగి దండం బొమ్మ ఒకటి వచ్చింది. అది మెచ్చుకోలో, మొక్కుకోలో నాకర్థం కాలేదు.

శ్రావణ శుక్రవారం వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌లో మా ఆవిడ స్నేహితురాలింట్లో వరలక్ష్మీవ్రతం. ఆకాశంలో మబ్బు తునక లేదు. ఇంగ్లండులో ఇలాంటి రోజు వదులుకుంటే మళ్ళీ ఏడాది ఆగాలి. "ఎంజీలో వెళ్దాం, టాపు తీసేసి" అన్నాను. మా ఆవిడ కంచిపట్టు చీర, మల్లెదండ, చేతిలో అమ్మవారి ముఖం. డిక్కీలో పులిహోర గిన్నె, కొబ్బరికాయలు, తాంబూలంలో పంచడానికి పసుపు కుంకుమ ప్యాకెట్లు. దారి పొడుగునా ఎదురొచ్చినవాళ్ళు చెయ్యి ఊపారు. కారుకి ఊపారో, చీరకి ఊపారో. మల్లెదండ మాత్రం మూడో మైలులోనే గాలికి ఊగి ఊగి నా మెళ్ళో పడింది.

దారిలో బెన్సన్ అనే ఊరు దాటాక తియ్యటి వాసన తగిలింది. పులిహోర కాదు, రేడియేటర్‌లో పోసే కూలెంట్. టెంపరేచర్ సూది లేచి చివరి గీత వైపు నడుస్తోంది. రోడ్డు పక్కన కారాపి బానెట్ ఎత్తేసరికి ఆవిరి పొగలు. సరిగ్గా ముద్ద చెక్కేసిన చోటు నుంచి సూదంత ధార నా చొక్కా మీదకి చిమ్మింది. చల్లగా ఉన్నప్పుడు బయటపడని రంధ్రం, వేడెక్కి లోపల ఒత్తిడి పెరిగేసరికి నోరు తెరిచింది. అబింగ్డన్ అక్కడికి ఎంతో దూరం లేదు. శ్రావణమాసంలో పుట్టింటి గుమ్మం దాకా వచ్చి అలిగి కూర్చుంది.

"నేను చెప్పలే" అనే హక్కు ప్రపంచంలో ఒక్క మనిషికే ఉంది, ఆయనకే ఫోన్ చేయాల్సొచ్చింది. చిత్రంగా నాన్న ఆ మాట అనలేదు. "అమ్మాయి పక్కనే ఉందా? ఫోన్ ఇవ్వు" అన్నాడు.

"చెప్పండి మామయ్యగారూ."

"అమ్మా, నీ దగ్గర పసుపుందా?"

మా ఆవిడ ఒక క్షణం నన్ను, ఒక క్షణం రేడియేటర్ని చూసింది. తాంబూలం ప్యాకెట్లు విప్పడం మొదలుపెట్టింది. అరగంట ఆగి, వేడి తగ్గాక, గుడ్డ అడ్డం పెట్టి మూత తిప్పాను. పన్నెండు ప్యాకెట్ల పసుపు లోపలికి పోశాం. దాహానికి తెచ్చుకున్న రెండు బాటిళ్ళ నీళ్ళూ దాని వెనకే వెళ్ళాయి. చాలలేదు. నేను కొబ్బరికాయల వైపు చూశాను. "అవి అమ్మవారివి" అంది. ఆ గొంతు విన్నాక మళ్ళీ అడగలేదు.

అంతలో ఒక వ్యాను ఆగింది. డెబ్భై ఏళ్ళ పెద్దమనిషి నీళ్ళ డబ్బాతో దిగాడు. మా ఆవిడ పసుపు చేతులు, నా మెళ్ళో మల్లెదండ, పొగలు కక్కే ఎంజీబీ, అన్నీ ఒకసారి చూశాడు. ఇది మా ఆచారమనుకున్నాడో ఏమో, మర్యాదగా ఏమిటని అడిగాడు. పసుపు పొడి, కన్నం పూడటానికి, అన్నాను. ముఖం వెలిగిపోయింది. "మా నాన్న ఆవపిండి వేసేవాడు! లేకపోతే కోడిగుడ్డు!" అన్నాడు. అప్పటికే లోపల పసుపుంది, ఇప్పుడు ఆవపిండి మాట వచ్చింది. ఇంకో బండి ఆగితే ఇంగువ కూడా వచ్చేదేమో, రేడియేటర్‌లోనే పులిహోర కలిపేవాళ్ళం.

ఇంజిన్ స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు చూశాం. ధార సన్నబడింది, చుక్కలైంది, ఆగిపోయింది. హారతి వేళకి చేరుకున్నాం. మా ఆవిడ ముత్తయిదువులందరికీ కుంకుమ మాత్రం పెట్టి, పసుపు అడిగినవాళ్ళకి "ఆయన కారుకి పెట్టాం" అని చెప్పింది.

కొత్త రేడియేటర్ కొనాలని అనుకుంటూనే ఉన్నాను. కారడం లేదుగా. మూడు వారాల తర్వాత తలుపు సర్దించడానికి ముసలాయన దగ్గరికి వెళ్ళాను. బానెట్ ఎత్తాడు. రేడియేటర్ కింది మూల నుంచి బంపర్ దాకా పసుపు చారలు గట్టిపడి ఉన్నాయి. వేలితో గీకి, వాసన చూసి, కళ్ళద్దాలు పైకి నెట్టాడు.

"ఎవడు చేశాడీ పని?"

నేను తడుముకోలేదు. "ఇంకెవడు, పాత ఓనరే" అన్నాను.