పొట్లం మీద పేరేది?

మోకాళ్ల నొప్పులని సాయంత్రం పూట ఆర్ఎంపీ దగ్గరికి వెళ్లిన ముసలావిడ చేతికి వచ్చేది ఒక కాగితం పొట్లం. అందులో ఒక నొప్పి మాత్ర, ఒక గ్యాస్ మాత్ర, వాటి పక్కన గోరంత కూడా లేని ఇంకో తెల్లమాత్ర. మూడు రోజుల్లో నొప్పి చేత్తో తీసేసినట్టు పోతుంది. ఆకలి కూడా పుడుతుంది. ఆయన హస్తవాసి మంచిదని ఇరుగుపొరుగుకు చెబుతుంది. ఆరు నెలలు తిరిగేసరికి ముఖం ఉబ్బుతుంది, షుగర్ పెరుగుతుంది, చిన్న దెబ్బ తగిలినా చర్మం కమిలిపోతుంది. ఆ తెల్లమాత్ర స్టెరాయిడ్. నెలల తరబడి బయటి నుంచి అందుతుంటే ఒంట్లో దాన్ని తయారుచేసే గ్రంథులు పని మానుకుంటాయి. అప్పుడు ఉన్నట్టుండి మాత్ర ఆపేస్తే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. పెద్దాసుపత్రిలో డాక్టరు ఏం మందులు వాడావమ్మా అని అడిగితే ఆమె కొంగుముడి విప్పి చూపించేది ఆ పొట్లమే. దాని మీద మందు పేరు ఉండదు, ఇచ్చినవాళ్ల పేరూ ఉండదు.

ఆయుర్వేద, హోమియో, యునాని వైద్యులు ఇంగ్లీషు మందులు రాయవచ్చా అనే వివాదం ఏళ్ల తరబడి నలుగుతోంది. డాక్టర్ల సంఘాలు సమ్మెలు చేస్తాయి, ఆయుష్ సంఘాలు ధర్నాలు చేస్తాయి, ప్రభుత్వాలు ఎటు ఒత్తిడి ఎక్కువైతే అటు జరుగుతాయి. మేము ఈ విషయాన్ని ఆ ముసలావిడ కొంగుముడి దగ్గర నుంచి చూస్తున్నాం. ఏ మందు రాస్తున్నారో ఆ మందును చదువుకున్నవాళ్లే రాయాలి. రాసింది కాగితం మీద, తమ పేరుతో రాయాలి. ఈ రెండిట్లో ఏది తప్పినా ఆ అనుమతి ఇవ్వకూడదన్నది మా అభిప్రాయం.

చట్టం చెప్పేది కూడా దాదాపు ఇదే. ముంబైలో ఒక హోమియో వైద్యుడు జ్వరంతో వచ్చిన రోగికి అల్లోపతి మందులు ఇచ్చారు. రోగి చనిపోయారు. 1996లో ఆ కేసులో తీర్పు ఇస్తూ, తాను చదవని వైద్యవిధానంలో వైద్యం చేసేవాడు నకిలీ వైద్యుడే అవుతాడని సుప్రీంకోర్టు తేల్చింది. ఆ వైద్యుడి దగ్గర డిగ్రీ ఉంది, రిజిస్ట్రేషన్ ఉంది. అయినా ఆ మాట అనాల్సి వచ్చిందంటే, డిగ్రీ ఉండటం ఒకటి, ఆ మందు తెలిసి ఉండటం మరొకటి అని కోర్టు స్పష్టంగా చూసింది కాబట్టే.

కానీ డ్రగ్స్ అండ్ కాస్మెటిక్స్ రూల్స్‌లో ఒక సందు ఉంది. ఇతర వైద్యవిధానాల వారిని కూడా అల్లోపతి మందుల విషయంలో రిజిస్టర్డ్ ప్రాక్టీషనర్లుగా ప్రకటించే వీలు అక్కడ రాష్ట్రాలకు ఉంది. 1998లో సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టేయలేదు, రాష్ట్ర చట్టం ఆ హక్కును గుర్తించి ఉండాలని మాత్రం చెప్పింది. దాంతో దేశమంతా అతుకుల బొంత అయింది. మహారాష్ట్ర 2014లో చట్టాలు సవరించి, ఏడాది ఫార్మకాలజీ (మందుల శాస్త్రం) కోర్సు చేసిన హోమియో వైద్యులకు దారి తెరిచింది. ఆ గొడవ ఇప్పటికీ చల్లారలేదు. కేంద్రం 2017లో తెచ్చిన నేషనల్ మెడికల్ కమిషన్ బిల్లులో ఆయుష్ వైద్యులు ఇంగ్లీషు మందులు రాసేందుకు వీలుగా ఒక బ్రిడ్జ్ కోర్సు పెట్టి, నిరసనలు రావడంతో మరుసటి ఏడాది తీసేసింది. 2019లో చట్టమైనప్పుడు 32వ సెక్షన్ కింద ‘కమ్యూనిటీ హెల్త్ ప్రొవైడర్’ అనే కొత్త పేరు వచ్చింది, అంటే పరిమితంగా ఇంగ్లీషు మందులు రాసే అనుమతి పొందేవాళ్లు. ఎవరికి ఇస్తారు, ఏం చదివి ఉండాలి అనేవి చట్టంలో తేల్చకుండా నిబంధనలకు వదిలేశారు.

మన దగ్గర గందరగోళం మాట దగ్గరే మొదలవుతుంది. చట్టం ప్రకారం ఆర్ఎంపీ అంటే రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్, అంటే అర్హత ఉన్న డాక్టరు. తెలుగు పల్లెల్లో ఆర్ఎంపీ అంటే ఏ డిగ్రీ లేకుండా సూది వేసి, సెలైన్ ఎక్కించే మనిషి. మందుల షాపులో షెడ్యూల్ హెచ్ మందు ఇవ్వాలంటే రిజిస్టర్డ్ ప్రాక్టీషనర్ చీటీ ఉండాలని నిబంధన చెబుతుంది. ఊళ్లో ఆ చీటీ ఉండదు. ఆర్ఎంపీ మాత్రలు కత్తిరించి పొట్లం కడతాడు. ఆయుష్ వైద్యులను వీళ్లతో కలిపి ఒకే గాటన కట్టడం తప్పు. ఆయుర్వేద డిగ్రీ బీఏఎంఎస్ చదివినవారు ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదున్నరేళ్లు చదువుతారు, శరీర నిర్మాణం, రోగ నిర్ధారణ వాళ్లకూ తెలుసు. కొరత ఉన్నది ఇంగ్లీషు మందుల చదువులో. ఏ మందుకు ఏ మందు పడదు, కిడ్నీ దెబ్బతిన్నవారికి డోసు ఎంత తగ్గించాలి, గర్భిణికి ఏది ఇవ్వకూడదు అన్నవి వార్డులో ఏళ్ల తరబడి చూస్తూ నేర్చుకునే సంగతులు. ఆరు నెలలో, ఏడాదో చేసే కోర్సులో అవి వంటబట్టవు.

విజయవాడలోని నోరి రామశాస్త్రి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలలో, వరంగల్ అనంతలక్ష్మి కళాశాలలో, గుడివాడ గురురాజు హోమియో కళాశాలలో చేరేవాళ్లలో చాలామందికి తమ వైద్యం మీద ఇష్టం ఉంది. కళాశాల నుంచి బయటికొచ్చాక ఏం జరుగుతోంది? ప్రైవేటు నర్సింగ్ హోములు వాళ్లను నైట్ డ్యూటీ డాక్టర్లుగా పెట్టుకుంటున్నాయి. జీతం ఎంబీబీఎస్ డాక్టరు కంటే తక్కువ. పెద్ద డాక్టరు ఇంట్లో నిద్రపోతుంటే, రాత్రి రెండు గంటలకు ఆయాసంతో వచ్చిన రోగికి ఏ ఇంజెక్షన్ ఇవ్వాలో ఫోన్ చేసి కనుక్కునేది ఈ యువ వైద్యులే. కేస్ షీటు మీద పొద్దున్నే పెద్ద డాక్టరు సంతకం పెడతారు. రోగికీ, బంధువులకీ రాత్రి ఎవరు చూశారో తెలియదు. ఆయుష్ వాళ్లు మందులు రాయడం ప్రమాదమని ప్రకటనలు ఇచ్చే డాక్టర్ల సంఘాలు ముందు తమ సభ్యుల ఆసుపత్రుల్లో రాత్రి డ్యూటీ రిజిస్టర్లు తెరిచి చూసుకోవాలి. ఆర్ఎంపీలు పేషెంట్లను పంపితే కమీషన్ ముట్టజెప్పే ఆసుపత్రుల సంగతీ వాళ్లకు తెలియనిది కాదు. పొట్లానికి ఎలా పేరు లేదో, ఆ రాత్రి వైద్యానికీ అలాగే పేరు లేదు.

నకిలీ కలగలుపు రెండో వైపు నుంచీ జరుగుతోంది. కీళ్ల నొప్పులకు ‘అచ్చమైన మూలికల పొడి’ అని అమ్మేవాటిలో స్టెరాయిడ్ మాత్రలు నూరి కలిపిన సందర్భాలు అనేకం బయటపడ్డాయి. దీనివల్ల మొదట దెబ్బతినేది ఆయుర్వేదం పరువే. పథ్యం, అనుపానం (మందుతో పాటు తీసుకునేది) చెప్పి, నాడి చూసి నెమ్మదిగా నయం చేసే పద్ధతికి జనం ఇచ్చిన గౌరవాన్ని నొప్పి తగ్గించే డైక్లోఫినాక్ సూదితో కలిపేస్తే, ఇక ఆ చదువు ఎందుకు?

యాంటీబయాటిక్స్ సంగతి ఇంకా బరువైనది. మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా 2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా. జలుబుకు మూడు రోజుల పవర్‌ఫుల్ మాత్ర ఇచ్చి, తగ్గగానే ఆపేయమనే ప్రతి చోటా ఆ లెక్క కొంచెం పెరుగుతుంది. ఎంబీబీఎస్ డాక్టర్లు ఈ తప్పు చేయడం లేదని మేము అనడం లేదు. 2014 మార్చి నుంచి అమల్లో ఉన్న షెడ్యూల్ హెచ్1 ప్రకారం కొన్ని యాంటీబయాటిక్స్ అమ్మినప్పుడు షాపువాళ్లు రాసిన డాక్టరు పేరు, రోగి పేరు రిజిస్టరులో రాసి మూడేళ్లు దాచాలి. ఆ ఒక్క నిబంధన గట్టిగా అమలైనా ఎవరు రాస్తున్నారో ఊరూరా తెలిసిపోతుంది.

రాత్రి పదకొండింటికి పిల్లకు జ్వరం మండిపోతుంటే తల్లికి ఎవరు దిక్కు అనే ప్రశ్న మా ముందూ ఉంది. ఆర్ఎంపీ ఫోన్ ఎత్తుతాడు, బండేసుకుని వస్తాడు, డబ్బు తర్వాత ఇమ్మంటాడు. ఊరు ఆయన్ని నమ్మడానికి కారణం ఉంది. దాడులు చేసి షట్టర్లు దించినంత మాత్రాన ఆ తల్లికి డాక్టరు దొరకడు. 1946లో, దేశ ఆరోగ్య వ్యవస్థ మీద వేసిన భోర్ కమిటీ సలహాతో ఎల్ఎంపీ కోర్సులు (ఎంబీబీఎస్ కంటే చిన్న వైద్య కోర్సులు) ఎత్తేసే దారి పట్టాం. పెద్దవాళ్లు ఇప్పటికీ తలుచుకునే ఆ ఎల్ఎంపీ డాక్టర్ల ఖాళీని ఇంతవరకూ ఎవరూ పూర్తిగా పూడ్చలేదు.

పూడ్చే పని కొంత మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో విలేజ్ హెల్త్ క్లినిక్‌లలో బీఎస్సీ నర్సింగ్ చదివి, డాక్టరుకూ నర్సుకూ మధ్యస్థాయిలో పనిచేసే ఎంఎల్‌హెచ్‌పీలు ఉన్నారు. తెలంగాణ పల్లె దవాఖానాల్లో ఎంబీబీఎస్ డాక్టర్లు దొరకని చోట ఆయుర్వేద వైద్యులకూ అవకాశం ఇచ్చారు. అక్కడ మందుల జాబితా ముందే రాసి ఉంటుంది, ఫోన్‌లో డాక్టరు అందుబాటులో ఉండాలి, ఇచ్చిన మాత్ర రికార్డుకెక్కాలి. ఆయుష్ వైద్యులను ఈ చట్రంలో వాడుకోవడానికి మేము మద్దతు ఇస్తాం. ఓఆర్ఎస్, పారాసెటమాల్, ఐరన్ మాత్రలు, డాక్టరు మొదలుపెట్టిన బీపీ, షుగర్ మందుల కొనసాగింపు వంటివి శిక్షణతో, పర్యవేక్షణతో వాళ్లు చక్కగా చేయగలరు. స్టెరాయిడ్లు, హెచ్1 యాంటీబయాటిక్స్, నిద్రమాత్రలు ఆ జాబితాలోకి రాకూడదు.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ ఆ జాబితాను తెలుగులో అచ్చువేయించి, ప్రతి క్లినిక్ గోడ మీద, ప్రతి మందుల షాపు ముందు అంటించాలి. రాత్రి డ్యూటీలో ఉన్నది ఎవరో, ఏ డిగ్రీనో ప్రతి నర్సింగ్ హోము రిసెప్షన్‌లో బోర్డు పెట్టించాలి. గ్రామ క్లినిక్‌లు సాయంత్రం మూతపడకుండా రాత్రికి కూడా మనిషిని ఉంచాలి. ఇచ్చే ప్రతి మాత్రతో పాటు మందు పేరు, ఇచ్చినవారి పేరు రాసిన చీటీ ఆ ముసలావిడ చేతికి రావాలి. చదవడం రాకపోయినా ఆమె దాన్ని కొంగున ముడేసుకుని పెద్దాసుపత్రికి తీసుకెళ్లగలదు.