పదమూడో అధ్యాయం గారికి

మహారాజశ్రీ పదమూడో అధ్యాయం గారి సముఖానికి,

తిరుపతి నుంచి, పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష మీద పుస్తకం రాస్తున్న రచయిత అనేక నమస్కారాలతో రాసుకునేది. ఉభయకుశలోపరి. తమరు ఇంకా పుట్టలేదు కాబట్టి క్షేమంగానే ఉంటారు. చెప్పుకోవలసింది నా సంగతే.

తమ ముందు పుట్టిన పన్నెండు మందీ తమ కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు. ఊరికే కూర్చోలేదు, ముసలివాళ్ళవుతూ కూర్చున్నారు. 2019లో నేను మొదలుపెట్టిన నాటికి పైథాన్ 3.7. ఆ తర్వాత ఏటా అక్టోబరులో ఒక కొత్త వెర్షన్ రాక తప్పడం లేదు. ఇంచుమించు అవే రోజుల్లో కొండమీద బ్రహ్మోత్సవాలు. తిరుపతిలో ఇల్లున్నవాడికి అప్పుడు బంధువుల కొదవ ఉండదు. హాల్లో ఆరు చాపలు, వంటింట్లో పులిహోర పోపు, నా బల్ల మీద ఎవరివో తడి తువ్వాళ్ళు. ఆ తువ్వాళ్ళు పక్కకు జరిపి, కొత్త వెర్షన్‌లో ఏమేమి వచ్చాయో చదువుకుంటూ, మొదటి అధ్యాయం నుంచి దిద్దుకుంటూ వస్తాను. తమ గుమ్మం దాకా వచ్చేసరికి మళ్ళీ అక్టోబరు.

2021లో 3.10 వెర్షన్ 'మ్యాచ్' అనే కొత్త వాక్యాన్ని తెచ్చి, 'ఇలా అయితే ఇలా చెయ్యి' అని చెప్పే 'ఇఫ్'ల మీద ఎంతో ప్రేమగా రాసుకున్న నా ఐదో అధ్యాయాన్ని పాతబడేసింది. సరే, అది ఎక్కడివాళ్ళో చేసిన పని. మన ప్రభుత్వమైనా ఊరుకుందా? ఒక్కో పేరుకు ఎదురుగా ఒక్కో వివరం దాచుకునే డిక్షనరీల అధ్యాయంలో 'తిరుపతి'కి ఎదురుగా జిల్లా 'చిత్తూరు' అని ఉదాహరణ ఇచ్చాను. 2022 ఏప్రిల్ 4న తిరుపతి జిల్లా ఏర్పడింది. ఇల్లు కదలకుండానే జిల్లా మారింది, ప్రోగ్రాం తప్పయింది.

ఇక తమ విషయం. తమ పేరు 'తెలుగు అక్షరాలతో పని'. తమ మొదటి వాక్యం రెండేళ్ళ క్రితమే మొదలుపెట్టాను: 'తెలుగులో ఒక అక్షరం అంటే'. కర్సర్ అక్కడే మినుకుమినుకుమంటోంది. రెండో తరగతి పిల్లవాణ్ణి అడిగినా 'తిరుపతి'లో నాలుగు అక్షరాలంటాడు. పైథాన్‌ను, పొడవు లెక్కపెట్టే 'లెన్'తో అడిగితే ఏడు అంటుంది. త, గుడి, ర, కొమ్ము, ప, త, గుడి. కంప్యూటర్లలో లిపుల గుర్తులకు గళ్ళు పంచే ప్రమాణం యూనికోడ్. అది తెలుగుకు 128 గళ్ళు కేటాయించింది గానీ, వాటిలో 'తి'కి సొంత గది లేదు. పోనీ మంగళప్రదంగా ఉంటుందని 'శ్రీ'తో మొదలుపెట్టాను. నాలుగు అంది: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. శ్రీకారం చుట్టబోతే శ్రీయే నాలుగు ముక్కలైంది.

అయినా నాకు ఆశ చావలేదు. పాత పైథాన్ 2 ఇదే 'తిరుపతి'కి 21 అనేది. ఆ గుర్తులను కంప్యూటర్‌లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకు మూడు బైట్లు, బైట్లను లెక్కపెట్టేది మరి. 21 నుంచి 7కు దిగింది. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1, అక్షరాలు విడగొట్టే నియమాలను మార్చి, అంతకుముందు రెండు ముక్కలయ్యే 'శ్రీ'ని ఒక్కటి చేసింది. లెన్ ఒక్కటే ఇంకా పట్టు విడవలేదు. కొన్నాళ్ళు ఓపిక పడితే అదీ 'తిరుపతి' విషయంలో నాలుగుకు దిగివస్తుందేమో, అప్పుడు తమరిని రాయవలసిన అవసరమే ఉండదేమో అని చూస్తున్నాను. దీన్ని బద్ధకం అనేవాళ్ళున్నారు. నేను పరిశోధన అంటాను.

ఈలోగా పూర్తయిన పన్నెండింటికైనా పేజీలు కట్టిద్దామని గాంధీ రోడ్డు వెనక సందులో డీటీపీ చేసే ఒకాయనకు ఇచ్చాను. వ్రతకథలూ పెళ్ళిపత్రికలూ చేసిచేసి చేయి తిరిగిన మనిషి. వారం తర్వాత ప్రూఫులు చూస్తే నా ప్రోగ్రాములన్నీ ఎడమ అంచుకు అతుక్కుని, బడి ప్రార్థనలో పిల్లల్లా ఒకే వరుసలో నిలబడి ఉన్నాయి.

"ఒక్కో లైను ఒక్కోచోట మొదలైంది సార్. టైపు చేసినవాళ్ళు తొందరపడినట్టున్నారు. అన్నీ సరిచేశాను," అన్నాడు.

పైథాన్‌లో ఆ నాలుగు ఖాళీలే వ్యాకరణమనీ, ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయించే 'ఫర్' లూపు లోపల ఉన్నదేదో బయట ఉన్నదేదో చెప్పేది ఆ ఖాళీయేననీ, అంచుకు తోసేస్తే ప్రోగ్రాం నడవదనీ వివరించాను. ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు ఆలోచించాడు.

"ఏమీ లేనిదానికి అంత విలువా సార్?"

ఏమీ లేని తమరిని ఇన్నేళ్ళుగా రాస్తున్న నాకు జవాబు తోచలేదు.

ఇంట్లో అడిగినప్పుడల్లా డొనాల్డ్ కనూత్‌ను అడ్డుపెట్టుకుంటూ వచ్చాను. ఆయన 1962లో ప్రోగ్రామింగ్ మీద ఒక పుస్తకం మొదలుపెట్టి దశాబ్దాల తరబడి రాస్తూనే వచ్చాడు. 1977లో ప్రూఫుల్లో అక్షరాలు నచ్చక, పేజీలు కూర్చే 'టెక్' అనే సాఫ్ట్‌వేర్‌ను తానే తయారుచేసుకోవడానికి దిగాడు. పుస్తకంలో తప్పు పట్టినవాళ్ళకు 2008 దాకా 2.56 డాలర్ల చెక్కు రాసిచ్చేవాడు. మా ఆవిడ ఒక ఆఫీసులో జీతాల బిల్లులు చూస్తుంది, తేదీలు ఇట్టే పట్టేస్తుంది. అంతా విని, "1977లో ప్రూఫులు నచ్చలేదంటే, అప్పటికి ప్రూఫులు ఉన్నాయన్నమాట," అంది. 1973 నాటికే మూడు సంపుటాలు వచ్చేశాయన్న సంగతి ఆమెకు ఇంకా చెప్పలేదు.

ఎవరూ లేరు గనుక తమ దగ్గర ఒక మాట ఒప్పుకుంటాను. తమరు పుట్టనంత కాలం నేను 'పుస్తకం రాస్తున్న మనిషిని'. పెళ్ళిళ్ళలో ఆ మాటకు ముందు వరుసలో కుర్చీ దొరుకుతుంది. తమరు పుట్టిన మర్నాటి నుంచి నేను మూడో పేజీలో అచ్చుతప్పు ఉన్న మనిషిని. చెక్కులు రాసిచ్చే స్తోమత నాకు లేదు. ముందుమాట, అంకితం, కృతజ్ఞతలు మాత్రం ఎప్పుడో రాసిపెట్టాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని నవ్వకండి. ఆ సోమలింగం కూడా ఇప్పటికి నాలుగుసార్లు పేరు మార్చుకున్నాడు.

వచ్చే ఉద్దేశం ఉంటే ఈసారి వేసవిలో దయచేయండి. అక్టోబరులో వస్తే పడుకోవడానికి చాప కూడా మిగలదు.

ఇట్లు,
తమ విధేయుడు

తా.క.: ఈ ఉత్తరం ముగించి నాలుగో అధ్యాయం తిరగేస్తే, అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కించే లూపులో రేంజ్(1, 3550) అని కనబడింది. రేంజ్ చివరి అంకెను ముట్టుకోదు కదా, నా భక్తుడు మోకాళ్ళ పర్వతం కూడా దాటి 3549వ మెట్టు మీద ఆగిపోతున్నాడు. 2019 నుంచీ అక్కడే ఉన్నాడు పాపం. ముందు అతన్ని పైకి చేర్చి వస్తాను. ఎలాగూ ఫైలు తెరిచాను కాబట్టి, ఐదూ ఆరూ కూడా ఒకసారి చూసుకుని.