వంద మందిని అడిగి రండి, అప్పుడు మార్కులు వేస్తాం

2011 జనవరిలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో లీన్ లాంచ్‌ప్యాడ్ అనే కోర్సు మొదలైంది. దాన్ని రూపొందించిన స్టీవ్ బ్లాంక్ సిలికాన్ వ్యాలీ కంపెనీల్లో ఏళ్ల తరబడి పనిచేసి బోధనలోకి వచ్చారు. అప్పటివరకు చాలా చోట్ల స్టార్టప్ పాఠం అంటే వ్యాపార ప్రణాళిక రాయడమే. ఐదేళ్ల ఆదాయ అంచనాలు వేసి, మార్కెట్ ఎంత పెద్దదో లెక్కగట్టి, చివర్లో న్యాయనిర్ణేతల ముందు ప్రదర్శించేవారు. బ్లాంక్ ఈ పద్ధతిని పక్కన పెట్టారు. విద్యార్థులు జట్లుగా ఏర్పడి ఒక ఆలోచన ఎంచుకోవాలి. వారం వారం బయటికి వెళ్లి, దాన్ని కొంటారనుకున్నవాళ్లతో మాట్లాడాలి. తరగతికి తిరిగొచ్చి, తమ ఊహల్లో ఏవి నిలిచాయో, ఏవి కూలాయో అందరి ముందూ చెప్పాలి.

ఆ తొలి తరగతిలోని ఒక జట్టు, మనిషి తోడు లేకుండా పచ్చిక కోసే యంత్రం తయారుచేయాలనుకుంది. విశాలమైన పచ్చిక మైదానాలు నిర్వహించేవాళ్లు దాన్ని కొంటారని ఆ జట్టులోని హోర్హే ఎరౌద్, లీ రెడ్డెన్‌ల అంచనా. మాట్లాడుతూ పోగా అసలు అవసరం పొలాల్లో కనిపించింది. రసాయనాలు వాడని సేంద్రియ రైతులు మనుషులతో కలుపు తీయించడానికి పెద్ద మొత్తాలు ఖర్చు చేస్తున్నారు. కోర్సు ముగియకముందే వాళ్లు పచ్చిక యంత్రాన్ని వదిలేసి, కెమెరాతో కలుపును గుర్తించే యంత్రం వైపు మళ్లారు. అదే బ్లూ రివర్ టెక్నాలజీ అయింది. ముందు లెట్యూస్ అనే ఆకుకూర మొక్కలను పలుచన చేసే యంత్రం తెచ్చారు. తర్వాత పత్తి చేలో కలుపు ఉన్నచోటే మందు చల్లే పరికరం మీద పనిచేశారు. 2017లో వ్యవసాయ యంత్రాలు తయారుచేసే జాన్ డీర్ కంపెనీ ఆ సంస్థను 30.5 కోట్ల డాలర్లకు కొనేసింది.

పత్తి, కలుపు అన్న మాటలు తెలుగు పాఠకులకు కొత్తవి కావు. ఆదిలాబాద్ నుంచి గుంటూరు దాకా పత్తి రైతుకు కలుపు కూలి ఎంత భారమో ఊరి నుంచి వచ్చిన ప్రతి ఇంజనీరింగ్ విద్యార్థికీ తెలుసు. అయినా ఆ పచ్చిక యంత్రమే మన కళాశాలల్లో చాలావాటిలో చివరి ఏడాది ప్రాజెక్టుగా వచ్చి ఉంటే ఏమయ్యేది? యంత్రం నడిచిందా, నివేదిక బైండింగ్ అయిందా అని చూసి మంచి మార్కులు వేసేవాళ్లం. ఇది ఎవరికి కావాలి అని అడిగే గడి మూల్యాంకన పత్రంలో ఎక్కడా ఉండేది కాదు.

రెండు తెలుగు రాష్ట్రాల్లో స్టార్టప్‌ల మీద శ్రద్ధ లేదని ఎవరూ అనలేరు. హైదరాబాద్‌లో స్టార్టప్‌లకు చోటు, తోడ్పాటు ఇచ్చే టీ-హబ్ 2015లోనే మొదలైంది, 2022లో భారీ కొత్త భవనంలోకి మారింది. కళాశాలల్లో కొత్త కంపెనీలను పెంచే ఇంక్యుబేటర్లు వచ్చాయి, గంటల వ్యవధిలో నమూనాలు తయారుచేసే పోటీలైన హ్యాకథాన్లు జరుగుతున్నాయి. కానీ ఇవన్నీ తరగతి గదికి వెలుపలే ఉండిపోయాయి. పాఠ్యాంశం దగ్గరికి వస్తే అదే పాత తీరు. వ్యవస్థాపకుడి లక్షణాలు వివరించుము అనే ప్రశ్నకు పాయింట్లు బట్టీ పట్టి రాసిన విద్యార్థి, ఆ సెమిస్టర్ మొత్తంలో ఒక్క కిరాణా వ్యాపారితో మాట్లాడకుండానే ఉత్తీర్ణుడవుతాడు. హ్యాకథాన్ మీద నాకున్న అభ్యంతరం కూడా ఇదే. ఒకటిన్నర రోజులో నమూనా తయారవుతుంది, బహుమతి వస్తుంది. దాన్ని వాడాల్సిన మనిషి మాత్రం ఆ హాల్లోకి అడుగే పెట్టడు.

బ్లాంక్ పద్ధతిని, పరిశోధనలకు నిధులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ నేషనల్ సైన్స్ ఫౌండేషన్ 2011లోనే ఐ-కోర్ పేరుతో స్వీకరించింది. ప్రయోగశాలల్లోని శాస్త్రవేత్తల జట్లకు 50 వేల డాలర్లు ఇచ్చి, సుమారు ఏడు వారాల్లో కనీసం వంద మందిని కలిసి రమ్మంది. చివర్లో ఆ జట్టు ముందుకు వెళ్తుందో, ఆపేస్తుందో తేల్చి చెప్పాలి. ఆపేస్తామన్నా తప్పుగా చూడరు. అది కూడా ఒక ఫలితమే. మన విశ్వవిద్యాలయాలు అరువు తెచ్చుకోవాల్సింది ముందుగా ఈ నియమాన్నే. డబ్బు సంగతి తర్వాత చూసుకోవచ్చు. విఫలమైన ఆలోచనకు మార్కులు పోతాయన్న భయం ఉన్నంతకాలం ఏ విద్యార్థీ నిజం చెప్పడు. తన యాప్ అందరికీ నచ్చిందనే రాస్తాడు.

అడగడం కూడా నేర్పాల్సిన విద్యే. ఈ యంత్రం తెస్తే కొంటారా అని ఒక కుర్రవాడు వచ్చి అడిగితే, మన రైతు అతని మనసు నొప్పించడు. బాగుంది బాబూ, తప్పకుండా కొంటాం అంటాడు. ఆ మాట నమ్మి పెట్టుబడి పెడితే మునుగుతాం. పోయిన ఖరీఫ్‌లో కలుపుకు ఎంత అయింది, కూలీలు దొరకని వారం ఏం చేశారు, మందు కొట్టి చూశారా, ఎందుకు మానేశారు అని అడగాలి. జరిగినదాన్ని గురించి అడిగితే మొహమాటానికి తావుండదు. ఇక్కడ మన విద్యార్థులకు పెద్ద బలం ఉంది. ఆలోచనను న్యాయనిర్ణేతల ముందు వినిపించే పిచ్ పోటీల్లో ఆంగ్లం తడబడి వెనక్కి తగ్గే జిల్లాల పిల్లలు తెలుగులో ఒక నేత కార్మికుడితోనో, మిర్చి యార్డు గుమస్తాతోనో గంటసేపు తేలిగ్గా మాట్లాడగలరు. బయటికి పంపే కోర్సులో ముందు నిలిచేది వాళ్లే.

చింతకింది మల్లేశం కథ ఇక్కడ చెప్పుకోవాలి. ఆలేరు ప్రాంతంలోని శారాజిపేటలో, చీరకు ఆసు పోయడం కోసం, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పడం కోసం, తల్లి లక్ష్మి వేల సార్లు చేయి ఆడించి భుజం నొప్పితో బాధపడటం చూసి ఆయన ఆసు యంత్రం తయారుచేశారు. ఉన్నత చదువు లేదు, పెట్టుబడి లేదు. ఏళ్ల తరబడి కష్టపడి సాధించారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. సమస్య ఆయనకు ఇంట్లోనే, రోజూ కళ్ల ముందే ఉంది. హాస్టల్ గదిలో కూర్చున్న ఇరవై ఏళ్ల విద్యార్థికి అది కళ్ల ముందు ఉండదు. అక్కడికి నడిపించడమే కోర్సు పని.

దీనికి తగిన అధ్యాపకులు ఎక్కడున్నారు అనే ప్రశ్న న్యాయమైనదే. వ్యాపారం చేయని మనిషి వ్యాపారం ఎలా నేర్పుతాడు? జవాబులు తన దగ్గర ఉన్నాయనుకునే అధ్యాపకుడు ఈ కోర్సుకు పనికిరాడు. ఈ వారం ఎవరిని కలిశారు, మీరు అనుకోనిది ఏం విన్నారు, దాంతో ఏం మార్చారు అని విడవకుండా అడగగలిగినవాడు చాలు. తోడుగా ఊళ్లోని ఒక వ్యాపారిని కూర్చోబెట్టుకోవచ్చు. తరగతిలో 60 మంది ఉంటే ఐదుగురేసి చొప్పున పన్నెండు జట్లు అవుతాయి. జట్టుకు పది నిమిషాలు ఇచ్చినా వారానికి రెండు గంటలే. బయట తిరిగిన సమయాన్ని హాజరులో లెక్కించాలి. 75 శాతం హాజరు నిబంధన చూపించి వాళ్లను మళ్లీ బెంచీలకు కట్టేస్తే కోర్సు మొదటి వారంలోనే చచ్చిపోతుంది. రాత పరీక్ష తీసేసి ఇంటర్వ్యూల పుస్తకానికి, వారం వారం చేసిన మార్పులకు మార్కులు ఇవ్వాలి.

ఇందుకు కొత్త భవనం అక్కర్లేదు, ప్రభుత్వ ఉత్తర్వు కోసం ఎదురుచూడాల్సిన పనీ లేదు. స్వయంప్రతిపత్తి ఉన్న కళాశాలలు తమ పాఠ్యప్రణాళికను, మూల్యాంకన విధానాన్ని తామే నిర్ణయించుకోవచ్చు. అలాంటివి రెండు రాష్ట్రాల్లోనూ చాలా ఉన్నాయి. వాటి అకడమిక్ కౌన్సిల్ తదుపరి సమావేశంలో ఈ ఒక్క కోర్సును ఆమోదిస్తే, వచ్చే సెమిస్టర్‌కే మొదటి జట్లు ఊళ్ల మీద పడతాయి.