హుక్కు కొట్టిస్తే ఏ ఎస్‌యూవీ అయినా జనరేటర్ లాగుద్దా? ఆ మెసేజ్ నమ్మబాకండి

వారం నుంచీ మా నెల్లూరు, ఒంగోలు వైపు రొయ్యల రైతుల గ్రూపులన్నిట్లో ఒకటే మెసేజ్ తిరగతా ఉంది. అందులో ఉన్నది ఇదీ: ఎస్‌యూవీ ఉంటే ట్రాక్టర్ కోసం చూసే పనిలేదు, వెల్డింగ్ షాపులో 2,000 ఇచ్చి వెనక హుక్కు కొట్టించుకోండి, ఇంజన్‌లో దమ్ముంటే జనరేటర్ ట్రాలీ ఎంత బరువున్నా లాగుద్ది, బరువంతా ట్రాలీ వెనక్కి సర్దితే కారు మీద లోడు పడదు, వెనకనుంచి ఎవరన్నా గుద్దినా హుక్కే కారుని కాపాడుద్ది, ట్రాలీకి ఇంజన్ లేదు కాబట్టి రిజిస్ట్రేషన్ అక్కర్లా. మైపాడు దగ్గర మా గుంటలకి రెండేళ్ళ నుంచీ నేను స్కార్పియో-ఎన్‌తోనే జనరేటర్ లాగతా ఉన్నా, ఇవన్నీ తప్పులే, రెండు తప్పులైతే నేనే చేసి ప్రాణం మీదికి తెచ్చుకున్నా, అందుకే కూర్చుని రాస్తా ఉన్నా.

ముందు ఇంజన్ సంగతి. లాగడం వరకైతే డీజిల్ బండి లాగుద్ది, ఎవరూ కాదనరు. కానీ 60లో పోతా ఉన్నప్పుడు బర్రె అడ్డమొస్తే ఆ వెనకున్న టన్ను కూడా మీ కారు బ్రేకులే ఆపాలి కదా. ఇదే స్కార్పియోని ఆస్ట్రేలియాలో అమ్మేటప్పుడు కంపెనీ ఇచ్చిన లెక్క చూడండి, ట్రైలర్‌కి సొంత బ్రేకులుంటే 2,500 కిలోలు, లేకపోతే 750 కిలోలే. ఇంజన్ అదే, చాసిస్ అదే, తేడా అంతా బ్రేకుల దగ్గరే. మన దగ్గర ట్రాలీలు చాలావాటికి బ్రేకే ఉండదు. మాది కాటా వేయిస్తే జనరేటరూ ట్రాలీ కలిపి 1,040 కిలోలు తేలింది, అంటే బ్రేకు లేకుండా లాగకూడని బరువు. ట్రాలీ ముందుకి తోసుకొచ్చేకొద్దీ దానంతటదే పట్టుకునే బ్రేకు పెట్టించాకే మళ్ళీ రోడ్డెక్కించా.

ఇంకోటి, ఏ ఎస్‌యూవీ అయినా అంటే ఎట్లా? బొలేరో, స్కార్పియో, ఫార్చ్యూనర్ లాంటివాటికి కింద నిచ్చెన మాదిరి విడిగా చాసిస్ ఉంటుంది. క్రెటా, ఎక్స్‌యూవీ700 లాంటివాటికి బాడీయే చాసిస్, అక్కడ కంపెనీ చూపించిన పాయింట్లలో తప్ప రేకుకి హుక్కు బిగిస్తే రేకే చిరిగి వస్తుంది. కొన్ని బండ్ల మాన్యువల్లో అసలు ట్రైలర్ లాగొద్దనే రాసుంటుంది, హుక్కు కొనేముందు ఆ పేజీ చదవండి. వెనక బంపర్లో మర తిప్పి పెట్టే రింగు ఉంటుందే, అది బండి బురదలో దిగబడితే గుంజడానికి, ట్రాలీ కట్టడానికి కాదు.

ఇప్పుడు బరువు వెనక్కి సర్దమన్న మాట. మెసేజ్ మొత్తంలో మనుషుల్ని చంపేది ఇదే. పోయిన వేసవిలో సింగరాయకొండ దగ్గర మా బావ గుంటల్లో సాయంత్రం పోయిన కరెంటు రాత్రి పదైనా రాలా, నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లు ఆగితే రొయ్య తేలిపోద్దని గబగబా బయల్దేరా. అప్పుడూ ఎవరో ఇదే సలహా చెప్తే డీజిల్ డ్రమ్ము, బ్యాటరీ అన్నీ ట్రాలీ వెనక అంచుకి పెట్టించా. కావలి దాటాక హైవే మీద 70లో పోతా ఉంటే పక్కనుంచి లారీ దాటింది, ఆ గాలికి ట్రాలీ కొంచెం పక్కకి జరిగింది, మళ్ళీ ఇటు, మళ్ళీ అటు, ప్రతిసారీ ఇంకాస్త ఎక్కువ, అద్దంలో చూస్తే అది తోక ఊపినట్టు ఊగతా ఉంది, కారు వెనక భాగాన్ని కూడా ఈడుస్తా ఉంది. నేను బ్రేకు తొక్కా, ఇంకా ఎక్కువైంది. భయపడి కాలు తీసేసి స్టీరింగ్ తిన్నగా పట్టుకుంటే మెల్లగా సద్దుకుంది. తర్వాత తెలిసింది, చెయ్యాల్సింది అదేనంట, బ్రేకు తొక్కకుండా, స్టీరింగ్ అటూ ఇటూ కొట్టకుండా యాక్సిలరేటర్ వదిలెయ్యడం.

మర్నాడు ట్రాలీ మూతి, అంటే హుక్కుకి తగిలించే ముందు కొస, దాని కింద చెక్కముక్క పెట్టి మేత బస్తాలు తూచే కాటా మీద ఆనిస్తే 25 కిలోలు చూపించింది, ఒంటిచేత్తో లేపొచ్చు. మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం మూతి మీద పడాలి, అంటే మాకు కనీసం 104 కిలోలు. డ్రమ్ము, బ్యాటరీ ముందుకి తెచ్చి, జనరేటర్ని కూడా బోల్టులు విప్పి కొంచెం ముందుకి జరిపితే 110కి వచ్చింది, ఆ తర్వాత ఎన్ని లారీలు దాటినా ఒక్కసారి ఊగలా. అట్టని మరీ ముందుకి నెట్టినా కారు ముందు టైర్లు తేలికైపోయి స్టీరింగ్ పట్టు తప్పుద్ది. మూతి మీద పడే బరువు హుక్కు ప్లేటు మీద రాసిన లెక్క దాటకూడదు, పైగా అది కూడా కారులో మనుషులతో పాటు లోడు కిందకే వస్తుంది.

వెల్డింగ్ హుక్కు గురించి. నేను మొదట కొట్టించింది అదే, తీయించేటప్పుడు చూస్తే పెయింట్ కింద అతుకు వెంబడి వెంట్రుక మందాన పగులు. వెల్డ్ వేడికి చాసిస్ మీద పూత కాలిపోద్ది, మా వైపు ఉప్పుగాలికి అక్కడే తుప్పు మొదలవుద్ది. మీ మోడల్‌కి చేసిన హుక్కు తీసుకుని చాసిస్‌లో ముందే ఉన్న రంధ్రాలకి బోల్టులతో బిగించుకోండి. బోల్టు తల మీద దాని బలం చెప్పే అంకె 8.8 గానీ 10.9 గానీ, హుక్కుతో పాటిచ్చిన కాగితంలో ఏదుంటే అదే ఉండాలి, ఎంత బిగువో చూపించే టార్క్ పానాతో ఆ కాగితంలో చెప్పినంతే బిగించాలి, మొదటి 100 కిలోమీటర్లు తిరిగాక ఇంకోసారి చూసుకోవాలి. హుక్కు మీదుండే బంతి సైజు కూడా చూడండి, దాని మీద కూర్చునే ట్రాలీ మూతి కప్పు 2 అంగుళాలదైతే అందులో 1 7/8 అంగుళాల బంతి పెడితే కూర్చున్నట్టే ఉండి గతుకులో ఊడొస్తుంది. కప్పు లాక్ చేశాక ట్రాలీ మూతిని జాకీతో లేపండి, కారు వెనక భాగం కూడా దాంతో లేస్తే పట్టింది అని. రెండు గొలుసులు మూతి కింద అడ్డంగా ఒకదాని మీద ఒకటి వెయ్యాలి, హుక్కు ఊడినా మూతి రోడ్డుకి గుచ్చుకోకుండా ఆ గొలుసుల్లో పడుద్ది.

హుక్కు కారుని కాపాడుద్దా? నిదానంగా తగిలితే బంపర్ మీద గీత పడకపోవచ్చు. గట్టిగా గుద్దితే మాత్రం నలిగి దెబ్బ మింగాల్సిన భాగాన్ని దాటేసి ఆ దెబ్బ నేరుగా చాసిస్‌కి, లోపలున్నోళ్ళ మెడలకి పోతుంది.

రిజిస్ట్రేషన్ సంగతి ఒక్క ముక్కలో తేలిపోద్ది. 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 2(28)లో మోటారు వాహనం అంటే ట్రైలర్ కూడా అని రాసే ఉంది, ఇంజన్ లేకపోయినా సరే.

అర్ధరాత్రి ట్రాక్టర్ దొరకదన్న ఒక్క మాట మాత్రం నిజం, ఆ బాధ నాకు తెలుసు. అందుకే మా గట్టు మీద నలుగురం కలిసి పెద్ద జనరేటర్ని షెడ్డులోనే ఉంచేశాం, రోడ్డు మీదికి తెచ్చేది ఈ 1,040 కిలోలది ఒక్కటే.