సవరణ: త్రిఫల చూర్ణానికి గింజ తీశాకే తూకం

త్రిఫల చూర్ణం పోస్టులో "కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ తలా 100 గ్రాములు దంచాలి" అని ఉంది. దాన్ని "గింజ తీసిన ఎండు పెచ్చులు తలా 100 గ్రాములు" అని చదువుకోండి. గింజతో తూస్తే పాళ్లు సమానంగా రావు, ఒక్కో కాయలో గింజ బరువు ఒక్కోలా ఉంటుంది. పైగా తాని గింజలోని పప్పుకు మత్తు గుణం ఉందని వైద్యగ్రంథాలే చెబుతాయి. పచారీ కొట్లో "కరక్కాయ పెచ్చు" అనే అడగండి, సగం పని తప్పుతుంది.

"మూడూ కలిపి దంచాలి" అన్నదీ మారింది. విడివిడిగా దంచి, పలుచని గుడ్డలో జల్లించి, ఆ పొడులను మళ్లీ సమానంగా తూచి కలపాలి. కలిపి దంచితే గట్టి పెచ్చు రవ్వగా పైనే మిగిలిపోతుంది, పాళ్లు చెడతాయి. ఉసిరి ముక్క పుటుక్కున విరగాలి. వంగిందంటే తడి ఉన్నట్టే. పొడి గడ్డకట్టి బూజు పడుతుంది.

మోతాదు రెండు పెద్ద చెంచాలు కాదు. 3 నుంచి 6 గ్రాములు, రాత్రి గోరువెచ్చని నీళ్లతో. ఎక్కువైతే విరేచనాలు, కడుపులో మెలిపెట్టడం. "విరేచనాలైతేనే ఒళ్లు శుభ్రపడినట్టు" అన్న వాక్యం పూర్తిగా తీసేశాం. గర్భిణులు వాడొద్దు, షుగరు మందులు వేసుకునేవాళ్లు డాక్టర్ని అడిగాకే మొదలుపెట్టాలి.